ఫోటోలో పడని గడియ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్ళే బస్సు కండక్టర్లకు ఇంకా బాగా తెలుసు. బడిలో మాత్రం దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాను.

మా బడి చౌడేపల్లె దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఇద్దరమే టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు గారివి. మూడు, నాలుగు, ఐదు ఒకే గదిలో నా దగ్గర. నా గదిలో అంతా కలిపి ఇరవై ఇద్దరు పిల్లలు, అందులో ఆడపిల్లలు తొమ్మిది మంది.

బడికి వెళ్ళిన వాళ్ళెవరికీ కొత్తగా చెప్పక్కరలేని ఆచారం ఒకటుంది. టీచరు బయటికి వెళ్తే లీడరు లేచి సుద్దముక్క పట్టుకుని మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తుంది. రాశాక కూడా నోరు మూయకపోతే పేరు పక్కన ఇంటూ మార్కు పెడుతుంది. మూడు ఇంటూలు పడితే ఇక ఆ రోజు ఆ పిల్ల సంగతి అంతే. కుప్పంలో నేను చదువుకునేటప్పుడు మూడేళ్ళు నేనే లీడర్ని. నా చేతిలో సుద్దముక్క చూసి నాకంటే పొడుగు మగపిల్లలు కూడా కిక్కురుమనేవాళ్ళు కాదు. తలుచుకుంటే ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంటుంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. టీచరునయ్యాక అదే పద్ధతి పెట్టాను, పైగా ఒక మెట్టు పెంచాను. మాట్లాడినా, జాగాలో నుంచి లేచినా పేరు పడాల్సిందే.

ఈ కట్టుదిట్టం ఎందుకంటే, రోజూ పొద్దున ఇంటర్వెల్ నుంచి అరగంట నేను గదిలో ఉండను. హాజరు ఫోనులో ఎక్కించాలి. మధ్యాహ్న భోజనానికి ఎంతమందో ఎక్కించాలి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయని ఫోటోలు తీసి ఎక్కించాలి. మా గదిలో సిగ్నలు రాదు. బడి వెనక ఒక బండ ఉంది, దాని మీదికెక్కి చెయ్యి పైకెత్తి నిలబడితే వస్తుంది. నేను బండ మీద ఉన్నంతసేపూ గదిలో రాజ్యం లీడరుది.

మా లీడరు ఐదో తరగతి పిల్ల, ఊళ్ళో చిల్లర అంగడి వాళ్ళమ్మాయి. పదేళ్ళకే ఎక్కడలేని పెద్దరికం. లెక్కల్లో తప్పు పోదు, మాటలో తగ్గదు. నా చిన్నతనం గుర్తొచ్చి ఆ పిల్ల మీద నాకు కొంచెం పక్షపాతం ఉండేది.

ఆ ఏడు బడి తెరిచిన రెండు నెలలకు నాలుగో తరగతిలో ఒక కొత్త పిల్ల చేరింది. అంతకుముందు మూడేళ్ళు కుప్పం దగ్గర వాళ్ళ అవ్వ ఇంట్లో పెరిగింది. చేను ఎండిపోయి అమ్మానాన్నలు మదనపల్లె టమాటా మండీలో పనికి పోయినప్పుడు పిల్లను అక్కడ వదిలారు. ఈ ఏడాది రెండు ఆవులు కొనుక్కుని ఊరికి తిరిగొచ్చారు, పిల్లనూ తెచ్చుకున్నారు. చేర్పించే రోజు వాళ్ళమ్మ ఆ పిల్ల చెయ్యి వదలకుండా పట్టుకుని నిలబడింది. పిల్లకు మాత్రం నోట్లో నాలుక లేదు. పేరు పిలిస్తే పలకడానికే సిగ్గు.

దసరా సెలవులకు ముందు ఒక రోజు. ఫోటోలు వెళ్ళక బండ మీద మామూలు కంటే ఎక్కువసేపు ఉండిపోయాను. వెళ్ళకపోతే పైనుంచి ఫోను వస్తుంది, వస్తే నా నోరు ఊరుకోదు, అదొక తంటా. ఎట్లాగో పంపి చిరాగ్గా దిగి వచ్చేసరికి గదిలో నవ్వులు. బోర్డు మీద ఒకే పేరు, కొత్త పిల్లది. పక్కన మూడు ఇంటూలు.

ఏం జరిగిందని అడగలేదు. అదే నేను చేసిన మొదటి తప్పు. బోర్డు చూశాను, అరిచాను. నిన్నగాక మొన్న వచ్చావు, అప్పుడే తోకలొచ్చాయా, లేచి నిలబడు అన్నాను. ఆ పిల్ల లేవలేదు. నేను చెబితే లేవకపోవడమా అని గొంతు ఇంకా పెంచాను. అప్పుడు లేచింది. యూనిఫాం తడిసిపోయి ఉంది, బెంచీ తడిసి ఉంది, కింద నేల మీదికి కారుతోంది.

“మూడుసార్లు లేసింది మేడమ్,” అంది లీడరు, చాలా మెల్లగా.

అర్థమైంది. బయటికి పోవాలని లేచింది. లేచినప్పుడల్లా పేరు పక్కన ఒక ఇంటూ పడింది. మూడోది పడ్డాక భయపడి కూర్చుండిపోయింది. ఇక కూర్చున్నచోటే అయిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, ఎవరినీ చూడలేదు, గౌను అంచు రెండు చేతుల్తో పిండుకుంటూ నిలబడింది. ఏడ్చినా బాగుండేదని నాకు అనిపించింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. నా అరుపు కంటే ఆ నవ్వులే ఆ పిల్లను చంపేసి ఉంటాయని అనుకున్నాను. ఇట్లా అనుకోవడంలో నాకు ఒక సుఖం ఉంది, నేను తప్పుకుని నేరం నవ్వినవాళ్ళ మీద పడుతుంది. పైగా పది రోజుల కిందటే పుంగనూరులో మాకు శిక్షణ జరిగింది. తరగతి గదిలో పిల్లల మనసుకు భద్రత ఉండాలని, తప్పు చేసిన పిల్లలు తప్పు ఒప్పుకోవడం నేర్చుకోవాలని వచ్చినాయన రోజంతా చెప్పాడు. నేను వెనక వరుసలో కూర్చుని టీ ఎప్పుడొస్తుందా అని చూస్తూ సగమే విన్నాను. ఆ విన్న సగాన్ని ఇప్పుడు బయటికి తీశాను.

ఇరవై ఒక్కమందినీ వరుసలో నిలబెట్టాను. ఒక్కొక్కరే ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి సారీ చెప్పాలన్నాను. నేల చూస్తూ గొణిగిన వాళ్ళను వెనక్కి పిలిచి ముఖం చూసి చెప్పమన్నాను. వరుస అయ్యేదాకా ఆ పిల్ల తడిబట్టల్తోనే నిలబడింది. అంతా అయ్యాక హెడ్మాస్టరు గారి గది నుంచి తువ్వాలు తెచ్చి చుట్టి, వంటావిడను తోడిచ్చి ఇంటికి పంపాను. వాళ్ళమ్మ గడ్డికి పోయి ఉందట, పిల్లే బట్టలు మార్చుకుని, తడివి ఉతికి ఆరేసుకుందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు వేసినదాన్ని నేనేనని కూడా తర్వాతే తెలిసింది.

ఆ సాయంత్రం బస్సులో పక్క సీటులో కూర్చున్న తోటి టీచరుకు ఈ సారీల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ చాలా మెచ్చుకుంది. ఆవిడ కంటే ఎక్కువగా నన్ను నేనే మెచ్చుకున్నాను. పోయిన శిక్షణలన్నీ దండగ అనుకున్నాం గానీ ఒకటన్నా పనికొచ్చింది చూడండి అన్నాను.

మరుసటి రోజు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మూడో రోజు గురువారం. కడుపునొప్పి అంట అని ఎవరో చెప్పారు. సాయంత్రం బడి వదిలాక బస్సు పోతే పోయిందని వాళ్ళింటికి నడిచాను. ఊరి చివర ఇల్లు, ముందు కొట్టం. వాళ్ళమ్మ ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతోంది. పిల్ల దూడ పలుపు పట్టుకుని అవతల నిలబడి ఉంది. నన్ను చూసి దూడ వెనక్కి జరిగింది.

వాళ్ళమ్మ పితకడం ఆపకుండానే మాట్లాడింది. కడుపునొప్పి అంటుందట. అన్నం తింటుంది, దూడతో ఆడుకుంటుంది, బడికి పొమ్మంటే మాత్రం కడుపునొప్పి. ఎంత అడిగినా ఇంకో మాట చెప్పదు. తిట్టింది, బతిమాలింది, ఒకసారి దెబ్బ కూడా వేసింది. చెంబు నిండాక లేచి నా వైపు తిరిగింది.

“దానికి అవ్వ కావాల మేడమ్. మూడేండ్లు సాకింది ఆమే కదా. నేను కన్నానంతే. నా కాడ ఉండలేకుండాది, చెప్పేదానికి మనసు రాలేదు. ఆదివారం కుప్పం బస్సెక్కించి పంపించేస్తా. యాల బలవంతంగా పెట్టుకునేది?”

నొప్పి లేనట్టు మాట్లాడుతోంది గానీ కొంగుతో చెంబు తుడిచిందే తుడుస్తోంది. ఈ పిల్ల కోసమే రెండు ఆవులూ కొన్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. నేను మాట్లాడి చూస్తానన్నాను. ఆమె పాలు పోయడానికి కేంద్రానికి వెళ్ళింది.

కొట్టంలో మేమిద్దరమే మిగిలాం. అవ్వ దగ్గరికి పోతావా అని అడిగితే పిల్ల అడ్డంగా తల ఊపింది. అమ్మ దగ్గరే ఉంటావా అంటే నిలువుగా ఊపింది, రెండుసార్లు. మరి బడికి రావాలి కదా, ఇప్పుడు ఎవరూ నవ్వరు, అందరూ సారీ చెప్పారు కదా అన్నాను. ఆ పిల్ల పలుపుకు ముడి వేసి విప్పింది. తర్వాత నా ముఖం చూడకుండా చెప్పింది.

“నవ్వినోళ్ళు నలుగురే మేడమ్. మిగతావాళ్ళు సూడనే లేదు. మీరు సారీ చెప్పమన్నాక అందురూ నా కాడికొచ్చి సూసినారు.”

బట్టలు తడిసిన సంగతి అమ్మకు చెప్పద్దండి అని కూడా అడిగింది. చెప్పనని మాటిచ్చాను. ఆదివారానికి రెండు రోజులే ఉన్నాయన్న సంగతి ఊరు దాటాక గుర్తొచ్చింది. చెప్పకుండా ఆపేదెట్లాగో తెలియలేదు.

శుక్రవారం ఆటల పీరియడులో అందరినీ బయటికి పంపి లీడర్ని ఒక్కదాన్నే ఉండమన్నాను. తలుపు దగ్గరికి వేసి తిరిగేసరికి ఆ పిల్ల కుడి చెయ్యి ముందుకు చాచి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. దెబ్బకు సిద్ధమైంది. నేను ఎప్పుడూ వేలు కూడా తాకించని పిల్ల. నా దగ్గర అందరికంటే ధైర్యంగా ఉంటుందనుకున్న పిల్ల. ఆ చెయ్యి చూశాక గదిలో మిగతా ఇరవై ఒక్కరూ నన్ను చూసి ఏమనుకుంటారో నాకు తెలిసింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఎవరు లేచినా రాయమని మీరే చెప్పినారు కదా మేడమ్ అంది. నిజమే. నేనే చెప్పాను, నీ తప్పు లేదన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏడుపు తగ్గాక ఊరికే, ఏదో ఒకటి అడగాలని అడిగాను, ఇంటర్వెల్‌లో అందరితో పాటు పోయుంటే సరిపోయేది కదా ఆ పాప అని.

“ఆ పాప ఇంటర్వెల్‌లో పోదు మేడమ్. తలుపు పట్టుకునేదానికి ఎవురూ లేరు ఆ పాపకి.”

తలుపు ఎందుకు పట్టుకోవాలన్నాను. గడియ ఊడిపోయి చాలా రోజులైందని, తలుపు దానంతట అదే తెరుచుకుంటుందని చెప్పింది. అందుకని ఆడపిల్లలు జతలు జతలుగా వెళ్తారు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడతారు, తర్వాత వంతు మార్చుకుంటారు. ఎనిమిది మందికి నాలుగు జతలు ముందే కుదిరిపోయాయి. తొమ్మిదో పిల్ల మధ్యలో వచ్చింది. ఎవరూ ఆ పిల్లను వద్దనలేదు, వెలివేయలేదు. ఎవరికీ తట్టలేదు, అంతే. ఆ పిల్ల పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చునేది. నీళ్ళు తాగడం మానేసింది. అవ్వ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను.

“మీరు దినామూ పోయి ఫోటో తీస్తాండారు కదా మేడమ్. మీకు తెలుసనుకున్నాము.”

వెళ్ళి చూశాను. తలుపుకు లోపల నాలుగు మేకుల రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు మరక. ఫోను తీసి పాత ఫోటోలు వెనక్కి జరుపుతూ పోయాను. లోపల చీకటిగా ఉంటే ఫోటో సరిగ్గా రాదని రోజూ తలుపు బార్లా తెరిచి తీశాను. ప్రతి ఫోటోలోనూ తెల్లటి బేసిను తళతళలాడుతోంది. ఒక్క ఫోటోలోనూ తలుపు లేదు. టీచర్లకు వేరే ఉంది, దానికి గడియే కాదు తాళం కూడా ఉంది. నా కోపం ఎప్పుడూ ఎవరో ఒకరి మీదికి పోయేది. ఆ రోజు దానికి పోయేచోటు లేక నా మీదే కూర్చుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గానీ, ఆ సాయంత్రం పుంగనూరులో దిగి ఇనుప సామాన్ల అంగట్లో గట్టి గడియ ఒకటి కొన్నాను. శనివారం పొద్దున హెడ్మాస్టరు గారు పాపం స్క్రూడ్రైవరు పట్టుకుని ఉత్సాహంగా వచ్చారు. ఆయన రెండు స్క్రూలు వంకరగా దించాక ఓపిక పట్టలేక నేనే లాక్కుని బిగించాను. పదిసార్లు వేసి, తీసి చూశాను.

తర్వాత గదిలోకి వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డాను. లేస్తే పేరు రాయమన్నది నేను, అడగకుండా అరిచింది నేను, మీ అందరి చేత సారీలు చెప్పించిందీ నేనే, చెప్పాల్సిన నేను మాత్రం చెప్పలేదు అన్నాను. ఇక మీద పేర్లు రాయడం ఉండదు, బయటికి పోవాల్సినవాళ్ళు అడగకుండా లేచి పోవచ్చు అన్నాను. పిల్లలు నన్ను వింతగా చూశారు. అడగకుండానా మేడమ్ అని మూడో తరగతి బుడ్డోడు రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని, వెంటనే లేచి వెళ్ళి వచ్చాడు. లీడరు ముఖం కాస్త వాడింది, పదవి పోయింది కదా.

ఆ పాప తిరిగి వస్తే ఏం చేద్దాం అని అడిగాను. ఒకరు చప్పట్లు కొడదామన్నారు. ఇంకొకరు పల్లీపట్టి కొనిద్దామన్నారు. ఇంతకుముందైతే రెండూ చేయించి ఫోటో కూడా తీసేదాన్ని. లీడరు తల అడ్డంగా ఊపింది. “ఏమీ సెయ్యకుంటే సాలు మేడమ్,” అంది.

సాయంత్రం మళ్ళీ ఊరి చివరికి నడిచాను. అరుగు మీద ప్లాస్టిక్ సంచీలో పిల్ల బట్టలు సర్ది ఉన్నాయి. వాళ్ళమ్మ నన్ను చూసి కూర్చోమనలేదు. పిల్లకిచ్చిన మాట తప్పకూడదు, పిల్లను పోనివ్వకూడదు. మధ్యలో చెప్పడానికి మిగిలింది నా సంగతి ఒక్కటే.

తప్పు నాదమ్మా అన్నాను. ఆ పిల్ల చెయ్యని తప్పుకు అందరి ముందు నిలబెట్టి అరిచాను, అవమానం చేశాను, అందుకే రావడం లేదు అన్నాను. తిడుతుందని ఎదురు చూశాను. ఈ పక్క తల్లులు తిడితే మామూలుగా ఉండదు, నాకు బాగా తెలుసు, నేనూ ఈ పక్కదాన్నే. పడాలని నిశ్చయించుకునే వచ్చాను.

ఆమె తిట్టలేదు.

“అంటే నా మీద కాదా మేడమ్?”

కాదమ్మా అన్నాను. ఆమె పాల క్యాను పక్కన నేల మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోపలి నుంచి పిల్ల వచ్చింది. మొదట నా వైపు చూసింది, చెప్పేశానేమోనని. చెప్పలేదని కళ్ళతోనే చెప్పాను. అప్పుడు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి ఆనుకుని నిలబడింది. యాల చెప్పలేదే నాకు అని వాళ్ళమ్మ గట్టిగా అడిగింది.

“చెప్తే మళ్ళా పంపించేస్తావని,” అంది పిల్ల.

వాళ్ళమ్మ ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. అక్కడ నాకు పనిలేదు. వచ్చేముందు పిల్లతో మాత్రం కొత్త గడియ బిగించానని మెల్లగా చెప్పాను. అది విన్నదో లేదో తెలియలేదు. ఆదివారమంతా మదనపల్లెలో ఇంట్లో కూర్చుని కుప్పం బస్సుల వేళలు తలుచుకుంటూ గడిపాను.

సోమవారం ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మ గేటు దాకా వచ్చి పిల్లను వదిలి వెళ్ళింది. పిల్ల తల వంచుకుని గదిలోకి వచ్చి తన జాగాలో కూర్చుంది. ఒక్కరూ తల ఎత్తలేదు. ఇరవై ఒక్క తలలు పుస్తకాల్లోకి దూరిపోయాయి, కొన్ని పుస్తకాలు తలకిందులుగా కూడా ఉన్నాయి. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న కష్టం చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బోర్డు వైపు తిరిగి లెక్క రాశాను.

ఇంటర్వెల్‌లో ఫోను తీసుకుని బండ దగ్గరికి బయల్దేరాను. మరుగుదొడ్డి తలుపు మూసి ఉంది. ముందర లీడరు నిలబడి ఉంది, చెయ్యి తలుపు మీద పెట్టి. గడియ వేసిన చప్పుడు నాకే వినిపించింది, లీడరుకు వినిపించకుండా ఉండదు. అయినా కదల్లేదు. గోడ ఇవతలే ఆగిపోయాను. కాసేపటికి లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది.

“ఉండావా?”

“ఉండా,” అంది లీడరు. “నిదానంగా రా.”